తుఫానులో కొట్టు లూటీ అయింది: కంప్లైంటులో ‘పోయింది’ అని రాయకండి

బాబూ, మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒడిశాలోని గంజాం జిల్లాలో, గిరిసోల దాటాక సముద్రం వైపున్న ఊళ్లో మీ నాన్నగారికి కిరాణా కొట్టు ఉంది. తుఫాను రోజు ఇంటిల్లిపాదీ షెల్టరుకి వెళ్లారు. కొట్టు వెనక గదిలో మీ చిన్నాన్న ఒక్కరే ఉండిపోయారు. రాత్రి రెండింటికి గాలి కాస్త తగ్గగానే ఏడెనిమిది మంది వచ్చి గునపంతో షట్టర్ లేపారు. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, రెండు గ్యాస్ బండలు, ఫ్రీజర్ ఎత్తుకుపోయారు. స్టేషనుకి వెళ్తే తుఫాను నష్టం తహసీల్దారుకి చెప్పుకోమన్నారు. ‘తుఫానులో కొట్టులోని సరుకు పోయింది’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. విపత్తులో లూటీ చేస్తే శిక్ష రెట్టింపని, కనిపిస్తే కాల్చేయొచ్చని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా అని అడిగారు. ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో మీ మావయ్య ఉన్నారు కాబట్టి అక్కడ కేసు పెట్టొచ్చా అన్నారు. మర్నాడు బియ్యం బస్తాతో దొరికిన పదిహేడేళ్ల కుర్రాణ్ణి ఊరివాళ్లు స్తంభానికి కట్టేశారని కూడా రాశారు.

నేను బరంపురం కోర్టులో ముప్ఫై ఏళ్లుగా క్రిమినల్ కేసులు చూస్తున్నాను. 1999 అక్టోబరు మధ్యలో గోపాల్‌పూర్ దగ్గర తాకిన తుఫాను చూశాను. రెండు వారాలు తిరక్కుండానే పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ రావడంతో మా జిల్లా కథ ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ కూడా చూశాను. ప్రతిసారీ గాలి తగ్గిన రెండో రోజు నుంచి మా ఆఫీసుకి వచ్చేది ఇలాంటి కేసులే.

ముందు వాట్సాప్ సంగతి. మన దేశంలో ‘లూటీ’ అనే పేరుతో నేరం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు, అంతకుముందు ఐపీసీలోనూ లేదు. విపత్తు సమయంలో దొంగతనం చేస్తే శిక్ష రెట్టింపు అనే సెక్షన్ కూడా లేదు. అమెరికాలో కాలిఫోర్నియా, లూసియానా లాంటి రాష్ట్రాల్లో అత్యవసర పరిస్థితి ప్రకటించిన రోజుల్లో జరిగే లూటీకి విడిగా చట్టం ఉంది. ఆ ఫార్వర్డ్ అలాంటిదేదో చదివి ఎవరో వండిందై ఉంటుంది. కాల్చేయడం సంగతైతే చెప్పనే అక్కర్లేదు. కలెక్టరు నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 163 కింద నిషేధాజ్ఞలు పెట్టొచ్చు. వాటిని మీరితే ఆర్నెల్లు, ప్రాణాపాయం తెచ్చిపెడితే ఏడాది దాకా జైలు. అంతకుమించి ఏమీ లేదు.

అలాగని చట్టం ఖాళీగా లేదు. అది తుఫాను వచ్చిందా లేదా అని అడగదు. సరుకు ఎక్కడి నుంచి తీశారు, ఎలా లోపలికి వచ్చారు, పగలా రాత్రా, ఎంతమంది, ఎవరినైనా కొట్టారా, బెదిరించారా, కట్టిపడేశారా అని అడుగుతుంది. ఈ జవాబుల్ని బట్టి అదే బియ్యం బస్తాకి మూడేళ్లు పడొచ్చు, యావజ్జీవమూ పడొచ్చు.

మామూలు దొంగతనం న్యాయ సంహితలో సెక్షన్ 303. మూడేళ్ల దాకా. కాపురానికి గానీ, సరుకు దాచడానికి గానీ వాడే కట్టడం, గుడారం, పడవల్లోంచి అయితే 305, ఏడేళ్ల దాకా. గుడారం, పడవ అన్న మాటలు చట్టంలోనే ఉన్నాయి. మన సముద్రం ఒడ్డు జాలర్లకి ఇది పెద్ద ఆసరా. ఇల్లు కూలిపోయి సర్కారు ఇచ్చిన పాలిథీన్ కింద కాపురం ఉంటున్నా, అక్కడి సామాను ఎత్తుకుపోతే అది ఇంట్లో దొంగతనమే. లారీలోంచి సరుకు తీసినా 305 కిందికే వస్తుంది. జాతీయ రహదారి మీద లారీ బోల్తా పడితే బిందెలు పట్టుకుని పరిగెత్తేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక తాళం విరగ్గొట్టి, షట్టర్ లేపి లోపలికి రావడం ఇంకో నేరం, ఇంటికన్నం, సెక్షన్ 331. దొంగతనం కోసం పగలు చేస్తే పదేళ్ల దాకా, సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు చేస్తే పద్నాలుగేళ్ల దాకా. మీ కొట్టు విషయంలో షట్టర్ కాబట్టి సులువు. గాలికి గోడ కూలిపోయి ఆ కంతలోంచి దొంగ వచ్చి ఉంటే ఏమిటి? నన్ను చాలామంది అడిగారు. మనుషులు రావడానికి ఉద్దేశించని దారిలోంచి వస్తే అదీ ఇంటికన్నమే అని నిర్వచనంలో ఉంది కాబట్టి వాదించడానికి చోటుంది. నాలుగు గోడలూ నేలమట్టమై సరుకు ఆరుబయట పడి ఉంటే మాత్రం కష్టం. దాన్ని కట్టడం అనగలమా అని అవతలి వకీలు అడుగుతాడు, కేసు 303 దాకా దిగొచ్చు. అందుకే గోడ ఎంత ఎత్తున మిగిలిందో తెలిసేలా ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

మీ కేసు అసలు మలుపు మీరు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాసిన ఒక్క వాక్యంలో ఉంది: ‘చిన్నాన్న గదికి బయట గొళ్లెం పెట్టారు, అరిస్తే చంపుతామన్నారు.’

దొంగతనం చేయడానికి మనిషిని కొట్టినా, అక్కడికక్కడ ప్రాణభయం పెట్టినా, కదలకుండా నిర్బంధించినా అది దొంగతనం కాదు, దోపిడీ. సెక్షన్ 309, పదేళ్ల దాకా. రాత్రివేళ హైవే మీద అయితే పద్నాలుగు. ఆ దోపిడీ ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కలిసి చేస్తే అది బందిపోటు, సెక్షన్ 310. యావజ్జీవం, లేదా పదేళ్ల దాకా కఠిన కారాగారం. ఆ పనిలో ఎవరినైనా చంపితే ఉరిశిక్ష దాకా వెళ్తుంది, ఆ గుంపులో ఉన్న ప్రతివాడికీ. మారణాయుధం వాడినవాడికి ఏడేళ్లకి తగ్గకూడదు.

ఇక్కడ జనం ఒక పొరపాటు పడతారు, కొందరు పోలీసులు కూడా. ఐదుగురు దాటితే చాలు బందిపోటు అనుకుంటారు. కాదు. ఎవరూ లేని కొట్టుని యాభై మంది వచ్చి చప్పుడు లేకుండా ఖాళీ చేసినా అది దొంగతనమే, ఇంటికన్నమే. మనిషి మీద బలమో భయమో ప్రయోగించినప్పుడే లెక్క మారుతుంది. మీ కొట్టులో మనిషి ఉన్నారు. గొళ్లెం పెట్టారు. ఏడెనిమిది మంది. అందుకే చెప్తున్నాను, మీరు సంతకం పెట్టిన కాగితానికీ జరిగినదానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి.

అలాగని లేనిది కలపకండి. గొళ్లెం పెట్టకపోతే పెట్టారని రాయకూడదు. అమాయకుడి మీద కావాలని తప్పుడు కేసు పెడితే ఐదేళ్ల దాకా, బందిపోటు లాంటి పెద్ద నేరం అంటగడితే పదేళ్ల దాకా మీకే శిక్ష. వచ్చినవాళ్లలో ముఖం చూసి గుర్తుపట్టినవాళ్ల పేర్లే రాయండి. ‘పాత గొడవ ఉంది, వాడు కూడా వచ్చే ఉంటాడు’ అనుకుని రాసిన ఒక్క పేరు మొత్తం కేసుని ముంచుతుంది. నా కళ్ల ముందే చాలాసార్లు మునిగింది.

‘పోయింది’ అన్న మాట గురించి నాకు జరిగింది చెప్తాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో ఒడిశాలో పది లక్షల మంది దాకా ఇళ్లు వదిలి షెల్టర్లకి, స్కూళ్లకి వెళ్లారు. అంతకుముందు తుఫాన్లలో సామాను ఎవరైనా ఎత్తుకుపోతారన్న భయంతో ముసలివాళ్లు ఇల్లు వదిలేవారు కాదు. ఈసారి వదిలారు, ప్రాణాలు దక్కాయి. తిరిగొచ్చాక ఒక జాలరి నా దగ్గరికి వచ్చాడు. పడవ సముద్రం పాలైంది. ఇంజను మాత్రం ముందే విప్పి పాకలో తాళం వేసి పెట్టుకున్నాడు. పాక నిలబడే ఉంది, తాళం తెగి ఉంది, ఇంజను లేదు. సాయానికి పెట్టుకున్న అర్జీలో, స్టేషనులో ఇచ్చిన కాగితంలో ఎవరో అతనికి ఒకే వాక్యం రాసిపెట్టారు: ‘తుఫానులో బోటు, ఇంజను పోయాయి.’ మూడు నెలలకి ఇంజను ఒక పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికింది. కోర్టులో అవతలి వకీలు అడిగింది ఒక్కటే: సముద్రం తీసుకుపోయిందని నువ్వే రాశావు కదా, మరి ఇది నీది ఎలా అయింది? ఆ కాగితం అప్పుడే చదవనందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తెలుగులో చెప్పు పోయినా, మనిషి పోయినా, గాలికి కప్పు పోయినా, దొంగ ఎత్తుకెళ్లినా ‘పోయింది’ అనేస్తాం. చట్టానికి ఆ మాట పనికిరాదు. మీ నాన్నగారి పేరు మీద ఇలా రాయండి: ‘ఫలానా తేదీ రాత్రి సుమారు రెండు గంటలకి ఏడెనిమిది మంది మా కొట్టు షట్టర్ తాళం గునపంతో విరగ్గొట్టి లోపలికి వచ్చారు. వెనక గదిలో ఉన్న నా తమ్ముడి గది తలుపుకి బయట గొళ్లెం పెట్టారు. అరిస్తే చంపుతామని బెదిరించారు. ఈ కింది సరుకు ఎత్తుకుపోయారు.’ తుఫాను వల్ల పాడైన సరుకు వేరే కాగితం మీద రాసి తహసీల్దారుకి ఇవ్వండి. రెండిటినీ కలపొద్దు. కప్పు ఎగిరి తడిసిన పంచదార, దొంగలెత్తిన నూనె డబ్బా ఒకే పట్టికలో ఉంటే రెండు కేసులూ పాడవుతాయి.

తహసీల్దారుకి చెప్పుకోండి అన్న మాటకి చట్టంలో ఆధారం లేదు. మీరు చెప్పినట్టే జరిగి ఉంటే పోలీసు ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. కొత్త నాగరిక సురక్షా సంహితలో, మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వెసులుబాటు వాళ్లకి ఉంది. ఏడేళ్లకి, ఆపైకి వెళ్లే వాటికి ఆ వెసులుబాటు లేదు. ఆ కాగితం వట్టి దొంగతనంలా కనిపించినంత కాలం వాళ్లు ఆపగలరు. జరిగింది జరిగినట్టు రాస్తే ఆపలేరు. అప్పటికీ రాయకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. ఈ జిల్లాలో బరంపురానికి వేరే ఎస్పీ, ఛత్రపురంలో గంజాం ఎస్పీ. మీ స్టేషను ఎవరి కిందకి వస్తుందో చూసుకోండి. ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు ఎలాగూ ఉంది.

ఇచ్ఛాపురం సంగతి. పెట్టొచ్చు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా కంప్లైంటు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ కట్టి ఒడిశా స్టేషనుకి పంపుతారు. దర్యాప్తు చేసేది మాత్రం ఇక్కడివాళ్లే, కాబట్టి రోజూ అటు తిరిగి లాభం లేదు. అవతల కాగితం పడిందని తెలిస్తే ఇవతల కాస్త చురుకు పుడుతుంది, దాని అసలు ప్రయోజనం అదే. సరుకు ఆంధ్రా వైపు అమ్ముకుని ఉంటే, దొరికిన చోటి కోర్టుకి కూడా విచారణాధికారం ఉంటుంది. ఆ ఆనవాలు ఉంటే చెప్పండి.

మీ నాన్నగారికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు అన్నారు. మన పల్లెల్లో సగం మంది పరిస్థితి అదే. తెలుగులోనే రాసి ఇవ్వండి, సంతకం మీ మాటల కింద ఉంటుంది. పోలీసు ఒడియాలో రాసుకుంటే చదివి వినిపించమని అడగండి. వినిపించడం చట్టంలో ఉన్న విధి. కాపీ ఉచితంగా ఇవ్వడం కూడా విధే. మొదటి కాగితం మీద సంతకం పెట్టారు కదా అని భయపడకండి. కంగారులో, చదవకుండా పెట్టామని కొత్త కంప్లైంటులో ఒక వాక్యం రాయండి. ఆలస్యం ఎందుకైందో కూడా రాయండి: రోడ్డు మీద చెట్లు పడి ఉన్నాయి, మూడు రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. కారణం రాసిన ఆలస్యాన్ని కోర్టులు అర్థం చేసుకుంటాయి.

ఇక ఆ కుర్రాడు. మీరు కాస్త గర్వంగా రాశారు, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. కళ్ల ముందు పెద్ద నేరం చేస్తున్నవాణ్ణి మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు, నిజమే. కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసుకి అప్పగించాలి. ఇతను మర్నాడు బస్తాతో దొరికాడు. కళ్ల ముందు షట్టర్ విరగ్గొట్టినవాడు కాదు. స్తంభానికి కట్టేయడం అక్రమ నిర్బంధం. కొడితే అది వేరే కేసు. ‘వాడు మనవాడు కాదు, ఒడియా కుర్రాడు’ అని మీరు రాసిన మాట ఇంకా ప్రమాదం. భాష, కులం, పుట్టిన ఊరు లాంటి కారణంతో ఐదుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ కలిసి ఒకణ్ణి తీవ్రంగా గాయపరిస్తే ఒక్కొక్కరికీ ఏడేళ్ల దాకా, చంపితే ఉరి లేదా యావజ్జీవం. ఇది కొత్త చట్టంలో కొత్తగా చేర్చారు. ఇక్కడ తరాలుగా కలిసి బతుకుతున్నాం, ఒక బియ్యం బస్తా కోసం ఊళ్లు రెండుగా చీలకూడదు. పైగా పదిహేడేళ్లంటే అతను జైలుకి కాదు, జువెనైల్ బోర్డు ముందుకి వెళ్తాడు. ఆ బస్తా ఎవరిచ్చారని సాక్షిగా అడిగితే మీ కేసుకి ఎక్కువ పనికొస్తాడు.

ఆకలితో ఒక బస్తా తెచ్చుకున్నవాణ్ణీ, షట్టర్ విరగ్గొట్టినవాణ్ణీ నేను ఒకే గాట కట్టను. చట్టం కూడా కొంతవరకు కట్టదు. ఐదు వేల రూపాయల లోపు సరుకు, మొదటి తప్పు, తిరిగి ఇచ్చేస్తే దొంగతనానికి జైలుకి బదులు సమాజ సేవే శిక్ష. రోడ్డు మీద కొట్టుకొచ్చిన బస్తాని ఇంట్లో పెట్టుకోవడం వేరే సెక్షన్, 314. యజమాని ఎవరో తెలుసుకునే ప్రయత్నం చేయకుండా సొంతానికి వాడుకుంటే ఆర్నెల్లకి తగ్గకుండా రెండేళ్ల దాకా. చనిపోయినవాళ్ల ఒంటి మీది బంగారం తీస్తే 315, మూడేళ్ల దాకా. దొంగ సొత్తని తెలిసి కొన్నవాడికీ మూడేళ్ల దాకా ఉంది, బందిపోటు సొత్తని తెలిసి కొంటే యావజ్జీవం దాకా. మీ గ్యాస్ బండలు ఏ హోటల్లో తేలతాయో చూడండి, బండ మీద నంబరు ఉంటుంది. పడిపోయిన స్తంభాల తీగ కోసి అమ్ముకునేవాళ్లకి విద్యుత్ చట్టంలో 136 విడిగా ఉంది, మొదటిసారికే మూడేళ్ల దాకా.

విపత్తు నిర్వహణ చట్టం 2005 గురించి కూడా అడిగారు. అది విపత్తుల నిర్వహణ కోసం రాసిన చట్టం, కొట్ల లూటీ కోసం కాదు. అబద్ధం చెప్పి సాయం పొందితే సెక్షన్ 52, పంచమని అప్పగించిన డబ్బు, సరుకు కాజేస్తే 53. రెండిటికీ రెండేళ్ల దాకా జైలు, జరిమానా. దాని కింద కోర్టు కేసు చేపట్టాలంటే అధికారులే ఫిర్యాదు చేయాలి, లేదా మీరు 30 రోజుల నోటీసు ఇచ్చి వెళ్లాలి. మీ ఊళ్లో అటుకులు, పాలిథీన్ పక్కదారి పట్టాయన్న అనుమానం ఉంటే, కాజేసినవాడు ప్రభుత్వోద్యోగి అయితే నమ్మకద్రోహం సెక్షన్ 316 బలమైనది. అందులో యావజ్జీవం దాకా ఉంది.

బీమా గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. పాత అగ్ని బీమా పాలసీల్లో తుఫాను నష్టం వస్తుంది, తుఫాను తర్వాత జరిగిన దొంగతనం రాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో తుఫాను వచ్చిన ఏడు రోజుల లోపు, దాని మూలంగా జరిగిన దొంగతనానికి కూడా పరిహారం ఉంది. కొట్టు మీద లోన్ ఉంటే బ్యాంకు ఏదో ఒక పాలసీ కట్టించే ఉంటుంది, కాగితాలు వెతకండి. క్లెయిమ్‌కి ఎఫ్ఐఆర్ అడుగుతారు. అక్కడ కూడా ‘పోయింది’ అని రాసి ఉంటే తిప్పి పంపుతారు.

గుంపులో ఒకడు మీకు దూరపు చుట్టమని, ఫ్రీజర్ తిరిగిచ్చి రాజీ పడదామంటున్నాడని రాశారు. మామూలు దొంగతనం రాజీ పడొచ్చు. ఇంట్లో దొంగతనం, దోపిడీ, బందిపోటు కేసుల్ని యజమాని రాజీతో మూసేయడానికి చట్టంలో వీల్లేదు. సరుకు తిరిగిచ్చినవాడికి బెయిల్లో, శిక్షలో కాస్త మేలు జరుగుతుంది, అంతే. ఫ్రీజర్ తీసుకోండి, కానీ రాత్రిపూట మీ ఇంటి వాకిట్లో కాదు. స్టేషనులో జప్తు రాయించాకే. తర్వాత కోర్టులో పిటిషన్ వేసి ఇంటికి తెచ్చుకోవచ్చు, ఇక్కడి కోర్టుల్లో దాన్ని జిమా అంటారు. కొత్త చట్టం ప్రకారం జప్తు సరుకు కోర్టు ముందుకి వచ్చిన 14 రోజుల్లో వివరాలు రాసి, ఫోటోలు, వీడియో తీయించాలి. ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. బియ్యం దొరికితే మాత్రం మొదటి రోజే అడగండి, స్టేషను మాల్‌ఖానాలో వానాకాలంలో బియ్యం నెల రోజులు కూడా ఆగదు.